పది రోజుల లెక్క తప్పితే: హాలు నోటీసు సరిచేసిన తీరు

ఇంగ్లండులో ఉగాది వేడుకకు మద్యం లైసెన్సు లేని హాలు తీసుకుని మద్యం కూడా అమ్మాలంటే, కౌన్సిల్‌కు తాత్కాలిక ఈవెంట్ నోటీసు ఇవ్వాలి. రుసుము 21 పౌండ్లు. మాది ఆలస్యపు నోటీసు కింద పడింది. కారణం రోజుల లెక్కే: నిండుగా 10 పనిదినాలు ఉండాలి. నోటీసు అందిన రోజు, వేడుక రోజు రెండూ లెక్కలోకి రావు. శని, ఆదివారాలు, బ్యాంకు సెలవులు సరేసరి. ఆలస్యపు నోటీసుకు పోలీసులుగానీ పర్యావరణ ఆరోగ్య విభాగంగానీ అభ్యంతరం చెబితే విచారణ కూడా ఉండదు, వేడుక ఆగినట్టే. అందుకే పాతది ఉపసంహరించుకుని, వేడుకను తర్వాతి శనివారానికి జరిపి, ఆన్‌లైన్‌లో కొత్తగా పెట్టాం. కాగితం మీద ఇస్తే ఆ రెండు చోట్లకీ ప్రతులు మనమే పంపాలి, అదో తలనొప్పి. ఒకేసారి 499 మందికి మించకూడదు. అందులో వంటవాళ్లు, వాలంటీర్లు కూడా లెక్కే. టికెట్లు 450 దగ్గరే ఆపేశాం.