పాత కారు బ్రేకులు మనమే నేర్చుకుందాం, పాఠం 3: డిస్కులు, ప్యాడ్లు ఏవి కొనాలి

పోయిన పాఠంలో ముందు చక్రం విప్పి, ప్యాడ్లు బయటికి తీసి, అన్నివైపులా ఫోటోలు కొట్టి మళ్ళీ బిగించేశాం కదా. ఇవాళ అదే పని ఇంకోసారి చేయాలి, కాకపోతే ఈసారి చేతిలో ఒక వర్నియర్ (దవడలతో పట్టుకుని మందం కొలిచే స్కేలు), ఒకే రకం రూపాయి బిళ్ళలు రెండు ఉండాలి. బిళ్ళలు ఎందుకో కింద చెప్తా.

ఎగ్జాంపుల్‌కి మన వీధుల్లో ఇప్పటికీ బోలెడు తిరుగుతున్న పాత స్విఫ్ట్ తీసుకుందాం, ముందు గాలి ఆడే డిస్కులు, వెనక డ్రమ్ములు. షాపుకెళ్ళి "అన్నా, 2011 స్విఫ్ట్‌కి ప్యాడ్లియ్యి" అంటే అతను ఏదో ఒకటి ఇచ్చేస్తాడు, కానీ స్విఫ్ట్ ఇక్కడ 2005లో మొదలైంది, డీజిల్‌ది 2007లో వచ్చింది, 2011 మధ్యలో బాడీయే మారిపోయింది, అంటే ఆ ఏడాది బండి పాతదీ కావచ్చు కొత్తదీ కావచ్చు, అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది? అందుకే ఆర్‌సీ ఫోటో ఫోన్లో పెట్టుకోండి, అందులో ఛాసిస్ నంబరు ఉంటుంది, తయారైన నెలా ఏడాదీ ఉంటాయి. ఛాసిస్ నంబరు కొట్టి కంపెనీ కేటలాగ్‌లో పార్ట్ నంబరు చూపించే కౌంటర్‌కి ముందు వెళ్ళండి, కొనకపోయినా పర్లేదు, ఆ నంబరు రాసుకుని బయటికి రండి. ఆ తర్వాత సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొంటారా, విజయవాడ ఆటోనగర్‌లో కొంటారా మీ ఇష్టం.

ఇక కొలత. డిస్కు అసలు మార్చాలా వద్దా అనేది డిస్కు మీదే రాసుంటుంది, మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం మీదో అంచు మీదో "మిన్ టీహెచ్" (కనీస మందం) అని పోతపోసి పక్కన ఒక అంకె ఉంటుంది. తుప్పు పట్టి కనపడకపోతే వైర్ బ్రష్‌తో రుద్ది టార్చ్ ఏటవాలుగా వేయండి. అంతకన్నా పల్చబడితే డిస్కు అయిపోయినట్టే, ఇంకో మాట లేదు. ఎందుకంటే డిస్కు పని పట్టుకోవడమొక్కటే కాదు, వేడి మింగడం కూడా, ఇనుము తగ్గితే మింగే వేడి తగ్గుతుంది, ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ కూడా ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బయటికి రావాల్సొస్తుంది.

వర్నియర్ నేరుగా పెడితే తప్పు చూపిస్తుంది. ప్యాడ్ తగలని అంచు అరగదు కాబట్టి అక్కడ గట్టులాగా మిగిలిపోతుంది, వర్నియర్ దవడలు ఆ గట్టునే పట్టుకుంటాయి, లోపల డిస్కు ఎంత అరిగినా అంకె బాగానే కనిపిస్తుంది. మైక్రోమీటర్ (మొనలు సన్నగా ఉండి గట్టు తగలకుండా కొలిచేది) ఉంటే గొడవే లేదు, లేకపోతే డిస్కుకి అటొకటి ఇటొకటి ఒకే రకం రూపాయి బిళ్ళ పెట్టి మొత్తం కొలిచి, తర్వాత ఆ రెండు బిళ్ళలనీ కలిపి కొలిచి తీసేయండి. చుట్టూ ఆరేడు చోట్ల ఇలా చేయండి, మిగతావన్నీ ఒకలా ఉండి ఒక్కచోట తేడా వస్తే, బ్రేకు కొట్టినప్పుడు స్టీరింగ్ ఊగేది దాని వల్లే అయ్యుండొచ్చు. మెకానిక్‌లు దీన్ని "డిస్క్ బెండయింది" అంటారు గానీ చాలాసార్లు వంగడం కాదు, మందం సమానంగా లేకపోవడమే.

లేత్ మీద చెక్కించి చదును చేస్తే ఆ తేడా పోతుంది కదా అని అడుగుతారు. లెక్క వేద్దాం, కొత్తప్పుడు 17 మిల్లీమీటర్లు, కనీసం 15 అని రాసున్న డిస్కు అనుకోండి, మీకు 15.4 వచ్చింది. ఒక్కో వైపు పావు మిల్లీమీటర్ చెక్కితే 14.9 అయిపోయింది, డబ్బులిచ్చి మరీ దాన్ని చెత్త చేయించుకున్నట్టు. చెక్కకుండా అలాగే వదిలేసి కొత్త ప్యాడ్లు వేసినా అవి సగం అరిగేలోపే డిస్కు కనీస మందం కన్నా పల్చబడిపోవచ్చు. నా మటుకు నేను 16 పైన ఉండి, గీతలు లోతుగా లేకపోతేనే లేత్ మాట ఎత్తుతా, లేదంటే కొత్తవే, అదీ రెండు వైపులా ఒకేసారి, ఒక వైపు పాతది ఒక వైపు కొత్తది ఉంటే బ్రేకు పట్టినప్పుడు బండి పక్కకి లాగే ప్రమాదం ఉంది.

కొనేటప్పుడు డిస్కు వ్యాసం ఒక్కటి సరిపోతే చాలదు. మందం, బోల్టుల లెక్క, మధ్య రంధ్రం, టోపీ ఎత్తు, అన్నీ పాతదానితో కలవాలి. ఎక్కువమంది వదిలేసేది టోపీ ఎత్తు. అది ఒకట్రెండు మిల్లీమీటర్లు తేడా ఉన్నా డిస్కు కాలిపర్ (ప్యాడ్లనీ పిస్టన్‌నీ పట్టుకునే దిమ్మ) మధ్యలో కూర్చోదు, లేదా డిస్కు వెనకున్న దుమ్ము రేకుకి రాసుకుంటుంది. రంధ్రాలు పొడిచినవి, గాట్లు పెట్టినవి చూసి మోజు పడకండి, రోజూ ఆఫీసుకెళ్ళొచ్చే బండికి వాటితో పనేం లేదు, రంధ్రాల దగ్గర పగుళ్ళు మొదలవడం తప్ప. దానికి పెట్టే డబ్బుతో పూత ఉన్న డిస్కు కొనండి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉన్నవాళ్ళు ముఖ్యంగా, పూత లేనిదైతే టోపీ, అంచులు తొందరగా తుప్పెక్కుతాయి.

ప్యాడ్ల దగ్గరికొద్దాం, అసలు మజా ఇక్కడే. ముందు పాతవి చదవండి. వెనక ఇనప రేకుని వదిలేసి డిస్కుకి రాసుకునే పొర ఒక్కటే కొలిస్తే 3 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే మార్చాలి. లోపలి ప్యాడ్‌కీ బయటి ప్యాడ్‌కీ బాగా తేడా ఉన్నా, ఒకటి ఏటవాలుగా అరిగినా అది ప్యాడ్ తప్పు కాదు, కాలిపర్ జారే పిన్నులు ఎండిపోయాయి లేదా పిస్టన్ ఇరుక్కుంది, దాన్ని బాగుచేయకుండా ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా మళ్ళీ అదే కథ.

తర్వాత ప్యాడ్ అంచు మీద వరసగా అక్షరాలు అంకెలు ఉంటాయి, చివర్లో ఎఫ్ఎఫ్ అనో, ఎఫ్ఈ అనో, జీజీ అనో రెండక్షరాలు కనిపిస్తాయి. ఇది అమెరికా ఎస్ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) వాళ్ళు పెట్టిన పద్ధతి, మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పుడు పట్టు. ఆ పట్టుని రాపిడి గుణకం అనే అంకెతో చెప్తారు, ఇంగ్లీషు అక్షరం 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఇప్పుడు ఎఫ్ఈ అని ఉంటే అర్థమేంటి? ఊళ్ళో బాగానే పడుతుంది, తిరుమల ఘాట్ దిగుతూ నాలుగు మలుపులు వరసగా బ్రేకు తొక్కాక పట్టు తగ్గుతుంది. (ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఇంజిన్‌తో ఆపుకోవాలి, అది వేరే సంగతి, ప్యాడ్ ఎంత మంచిదైనా ఆ అలవాటు మానకండి.) అందుకని రెండో అక్షరం మొదటిదానికన్నా పడిపోనిది చూసుకోండి. అలాగని జీజీ అంటే ఎఫ్ఎఫ్ కన్నా గొప్ప అని కాదు, ఇది క్వాలిటీ మార్కు కాదు, పట్టు ఎంతో చెప్తుంది అంతే, అరుగుదల గురించీ సౌండ్ గురించీ ఏం చెప్పదు. ముందు మరీ గట్టిగా పట్టేవి వేసి వెనక డ్రమ్ముల్లో అరిగిన లైనర్లు ఉంచితే బండి ముక్కు కిందికి దిగిపోతుంది, ముందు చక్రాలు తొందరగా లాక్ అవుతాయి. పాతదాని మీద ఏ అక్షరాలున్నాయో అవే తెచ్చుకోవడం మంచిది, ఆ పాతవి కంపెనీవే అయితే.

పెట్టె మీద గుండ్రంలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన 90ఆర్ అని ఉంటే అది యూరప్ రూల్ పాసైన ప్యాడ్, ఒరిజినల్ ప్యాడ్ పనితనానికి అటూ ఇటూ 15 శాతం లోపే ఉండాలని ఆ రూల్. దొరికితే నేను అదే తీసుకుంటా.

మెటల్ ఎక్కువున్న ప్యాడ్ వేడికి తట్టుకుంటుంది కానీ కీచుమంటుంది, డిస్కుని కూడా తింటుంది. సెరామిక్ నిశ్శబ్దంగా ఉంటుంది, చక్రాలకి నల్ల పొడి తక్కువ, రేటు ఎక్కువ. ఏ రకమైనా ఆస్‌బెస్టాస్ లేదని రాసుంటేనే కొనండి, పాత ప్యాడ్ల పొడిని గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

షాపులో పెట్టె విప్పించి కొత్త ప్యాడ్‌ని పాత ఫోటో పక్కన పెట్టి చూడండి, చెవులు, పిస్టన్ వైపు గాడి, అరిగినప్పుడు కూత పెట్టే రేకు ఏ ప్యాడ్‌కి ఏ వైపు ఉందో కలవాలి. షిమ్ములు (ప్యాడ్ వెనక పెట్టే పల్చటి రేకులు), క్లిప్పులు కిట్‌లో వస్తున్నాయా అని అడగండి, పాత క్లిప్పులే మళ్ళీ వాడితే గలగలమంటాయి. బిల్లు మీద పార్ట్ నంబరు రాయించుకోండి, తేడా వస్తే మార్చుకోడానికి అదే ఆధారం.

పాఠం 4కి కొత్త డిస్కులు, ప్యాడ్లు, బ్రేక్ క్లీనర్ ఒక డబ్బా, రబ్బరుని పాడుచేయని సిలికాన్ గ్రీజు, వైర్ బ్రష్ దగ్గర పెట్టుకోండి. కొత్త డిస్కుకి తుప్పు పట్టకుండా నూనె రాసి పంపుతారు, అది క్లీనర్‌తో పూర్తిగా పోయేదాకా ప్యాడ్‌కి తగలనివ్వకూడదు, మొదలు అక్కడి నుంచే పెడదాం.