బాలింతకు కానుక కొనేముందు జాగ్రత్తలు

ముందు ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి: నార్మల్ డెలివరీనా, ఆపరేషనా? పథ్యం ఏమిటి? షుగర్ ఉందా? ఉంటే డ్రైఫ్రూట్ లడ్డూల సంగతి మర్చిపోండి.

– నైటీ అయితే మెత్తటి కాటన్‌ది, పాత కొలత కంటే ఒక సైజు పెద్దది. ముందువైపు జిప్ పొట్టిగా ఉంటే పాలివ్వడానికి కుదరదు, కొట్లోనే తెరిచి చూడండి. ఆపరేషన్ అయినవాళ్లకు నడుం దగ్గర ఎలాస్టిక్ బట్టలు వద్దు, కుట్లకు ఒరుసుకుంటాయి. సుల్తాన్ బజార్‌లో కొన్నా, మాల్‌లో కొన్నా మార్చుకుంటారో లేదో ముందే అడగండి.

– పుట్టిన బిడ్డ సైజు గౌన్లు అందరూ తెస్తారు. అవి నెలా రెండు నెలల్లో బిగుతైపోతాయి. 6–12 నెలల సైజు తీసుకోండి. అప్పటికి ఏ కాలం వస్తుందో లెక్కేయండి. హైదరాబాద్ ఏప్రిల్‌లో ఉన్ని స్వెట్టర్ ఎవరికి?

– వెండి మురుగుల మువ్వలు లాగి చూడండి. ఊడితే నేరుగా బిడ్డ నోట్లోకే.

– తేనె వద్దు. ఏడాదిలోపు పిల్లల నాలుకకు రాస్తే బోటులిజం (నరాలను దెబ్బతీసే అరుదైన జబ్బు) ప్రమాదం. ఘాటు సెంట్లు, టాల్కం పౌడర్ కూడా వద్దు.

– పాలసీసా, పాలడబ్బా అసలే వద్దు, డాక్టర్ చెబితే వాళ్లే కొనుక్కుంటారు.

మీకు జలుబుంటే కానుక ఎవరితోనైనా పంపండి.