డిస్కౌంట్ శాతం కాదు, చేతి నుంచి పోయేదెంతో చూడండి: ఆఫర్ల లెక్క తేల్చే పద్ధతి

బోర్డు మీద కనిపించే డిస్కౌంట్ శాతం దుకాణం వేసుకున్న లెక్క. ఏ ధర మీద నుంచి తగ్గించాలి, ఎంత తగ్గించాలి అన్న రెండూ వాళ్ల చేతిలోనే ఉంటాయి. కొనేవాళ్లకు కావలసిన లెక్క వేరు: మనం నిజంగా వాడే సరుకులో ఒక్కో కిలోకో, లీటరుకో, ఒక్కో వాడకానికో జేబులోంచి ఎంత పోతోంది? ఏ ఆఫర్ ఎదురైనా దాన్ని ఈ ఒక్క అంకెలోకి మార్చుకోవడం వస్తే చాలు. కింది ఉదాహరణల్లో చాలావరకు అంకెలే ఉంటాయి, డబ్బు పేరు ఉండదు. ఏ దేశపు నోట్లతో వేసినా నిష్పత్తి మారదు.

ముందు ఆ కొట్టేసిన ధర సంగతి

గీత కొట్టి పక్కన చిన్న అంకె వేసిన చోట మొదట అనుమానించాల్సింది చిన్న అంకెను కాదు, కొట్టేసినదాన్ని. ఆ ధరకు ఆ వస్తువు నిజంగా ఎవరికైనా అమ్మారా? సేల్‌కు కొద్ది వారాల ముందు ధర పెంచి, తర్వాత పాత ధరకే దించి, తేడాను డిస్కౌంట్‌గా చూపడం పాత ఎత్తు. దీన్ని ఆపడానికే యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి ఒక నియమం అమలవుతోంది. తగ్గింపు ప్రకటించే దుకాణం, మామూలుగా, అంతకు ముందు కనీసం 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలి. మీ దగ్గర అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా ఆ కొలబద్దను మీరు సొంతానికి వాడుకోవచ్చు.

అందుకు ఒక ధరల పుస్తకం కావాలి. ఫోన్‌లో నోట్ అయినా సరిపోతుంది. ఇంట్లో కొనేవన్నీ రాయబోతే వారానికే విసుగొస్తుంది కాబట్టి నెల ఖర్చులో ఎక్కువ భాగం మింగే 15, 20 సరుకులు చాలు. ఒక్కోదానికి తేదీ, దుకాణం, నికర బరువు, కట్టిన ధర, కిలోకో లీటరుకో ఎంత పడిందో రాయండి. రెండు మూడు నెలలు గడిచేసరికి ప్రతి సరుకుకూ మామూలు ధర ఏది, అప్పుడప్పుడూ దిగే అతి తక్కువ ధర ఏది, ఎన్ని వారాలకోసారి దిగుతోంది అన్నది తెలిసిపోతుంది. ఇక మీదట బోర్డు మీద ఏం రాసి ఉన్నా మీరు పోల్చుకునేది ఆ అతి తక్కువ ధరతోనే.

ఫ్రిజ్, టీవీ లాంటి వాటికి పుస్తకం పనికిరాదు. ఆన్‌లైన్‌లో పాత ధరల చరిత్ర చూపే సైట్లు ఉన్నాయి, వాటిలో కనీసం మూడు నెలల గీత చూడండి. మోడల్ నంబరు చివరి అక్షరం దాకా సరిపోల్చాలి. పెద్ద సేల్స్‌లో చవగ్గా కనిపించే మోడల్ ఒక్కోసారి ఒక్క అక్షరం తేడాతో తక్కువ సదుపాయాలున్న వేరే సరుకు అయి ఉంటుంది.

దుకాణాలు ఈ ఆట ఎందుకు మానవంటారా? 2012లో అమెరికాలోని జేసీ పెన్నీ సంస్థ కూపన్లు, సేల్స్ చాలావరకు తీసేసి రోజూ తక్కువ ధరే పెడతామంది. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. ఆ పద్ధతి తెచ్చిన ముఖ్య అధికారి 2013 ఏప్రిల్‌లో పదవి నుంచి దిగిపోయారు. గీత కొట్టిన అంకె పక్కన లేకపోతే తక్కువ ధర కూడా మనకు తక్కువగా కనబడదన్నమాట.

శాతాల మీద శాతాలు

50 శాతం మీద అదనంగా 20 శాతం అంటే 70 కాదు. రెండో తగ్గింపు మిగిలిన సగం మీదే పడుతుంది. తగ్గే శాతాలను కూడకుండా, మిగిలే భాగాలను గుణించండి: 0.5 × 0.8 = 0.4. కట్టేది 40, తగ్గింది 60 శాతం. 40 మీద మరో 40 అంటే 0.6 × 0.6 = 0.36, అంటే 64 శాతం తగ్గింపు.

శాతం తగ్గింపు ఒకటి, నికరంగా ఇంత అని తగ్గించే కూపన్ ఒకటి రెండూ చేతిలో ఉంటే వరుస ముఖ్యం. ధర 1,000, తగ్గింపు 20 శాతం, కూపన్ 200 అనుకోండి. ముందు శాతం, తర్వాత కూపన్ అయితే 800 − 200 = 600. ముందు కూపన్ అయితే 800లో 20 శాతం పోయి 640. కౌంటర్లో అడిగే వీలుంటే శాతం ముందు వేయమనండి.

‘50 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 100’ లాంటి ఆఫర్లో అసలు మాట చివరిది. బిల్లు 200 దగ్గర ఉన్నంతవరకే అది సగం ధర. బిల్లు 500 అయితే తగ్గేది 20 శాతమే. గరిష్ఠ మొత్తాన్ని శాతంతో భాగిస్తే ఆ కూపన్‌కు సరైన బిల్లు ఎంతో వస్తుంది: 100 ÷ 0.5 = 200.

‘1,500 దాటితే 200 తగ్గింపు’ దీనికి తిరగేసిన రకం. సరిగ్గా 1,500 దగ్గర అది 13.3 శాతం, 2,900 దగ్గర 7 శాతం కూడా లేదు. కార్ట్‌లో 1,200 సరుకు ఉండి ఇంకో 300 కలిపితే కట్టేది 1,300. అంటే ఆ 300 సరుకు మీకు 100కు వచ్చింది. వచ్చే నెల ఎలాగూ కొనేదైతే వెంటనే కలపండి. అక్కర్లేనిదైతే 200 మిగల్లేదు, 100 అదనంగా పోయింది. ఉచిత డెలివరీ హద్దు కోసం ఏదో ఒకటి కార్ట్‌లో వేసేటప్పుడూ ఇదే తీసివేత చేయాలి.

‘70 శాతం వరకు’ అన్నదాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ 70 ఒక మూల అరలో, ఎవరికీ సరిపోని సైజుల్లో ఉంటుంది.

ఉచితం అన్న చోట

ఉచిత ఆఫర్లను శాతాల్లోకి మారిస్తే ఇలా ఉంటాయి:

- ఒకటి కొంటే ఒకటి ఉచితం: 50 శాతం
- రెండు కొంటే ఒకటి ఉచితం: 33.3 శాతం
- మూడు కొంటే ఒకటి ఉచితం: 25 శాతం
- ఒకటి కొంటే రెండోది సగం ధరకు: 25 శాతం
- అదే ధరకు 50 శాతం అదనపు సరుకు: 33.3 శాతం
- అదే ధరకు 25 శాతం అదనపు సరుకు: 20 శాతం

అదనపు సరుకు శాతం ఎప్పుడూ తగ్గింపు శాతం కన్నా పెద్దగా కనిపిస్తుంది. 33 శాతం ధర తగ్గించినా 50 శాతం కొసరు వేసినా దాదాపు ఒకటే, కానీ చాలామంది చేయి రెండోదాని మీదికే పోతుంది.

పై శాతాలు అన్నీ ఒకే ధర ఉన్న వస్తువులకే వర్తిస్తాయి. రెండు కొంటే ఒకటి ఉచితం అన్న ఆఫర్లో మూడింటి ధరలు వేరైతే ఉచితంగా వచ్చేది అన్నింటికన్నా చవకైనది. 1,000, 600, 400 తీసుకుంటే పోయేది 400, అంటే 20 శాతమే. ఆరు వస్తువులు కొంటున్నప్పుడు ఇక్కడ కొంచెం తెలివి చూపొచ్చు. ధరలు 1,000, 900, 800, 500, 400, 300 అనుకుందాం. అన్నీ ఒకే బిల్లులో వేస్తే చాలా చోట్ల అన్నిటికన్నా చవకైన రెండు, అంటే 300, 400 ఉచితమై 700 మిగులుతుంది. పెద్ద ధరల నుంచి కిందికి పేర్చి మూడేసి చొప్పున రెండు బిల్లులు చేయించండి. మొదటి బిల్లులో 800, రెండోదానిలో 300 ఉచితం, మొత్తం 1,100. అదే సరుకు, అదే ఆఫర్, 400 తేడా. ఒక్కో కొనుగోలుదారుకు ఒక్కసారే అన్న షరతు ఉందేమో మాత్రం ముందే చూసుకోవాలి.

ఇలాంటి ఆఫర్లో కొన్నది ఒకటి తిరిగిస్తే మొత్తం డబ్బు రాదు. దుకాణం తగ్గింపును మూడింటి మీదా పంచేసి లెక్క కడుతుంది, లేదా ఆఫరే రద్దు చేసి మిగతా రెండింటికీ పూర్తి ధర పట్టుకుంటుంది. సైజు మీద అనుమానం ఉన్న వస్తువును విడిగా కొనడమే నయం.

‘1,000కి కొంటే 500 వోచర్’ సగం ధర కాదు. వోచర్‌తో సరిగ్గా 500 సరుకు కొన్నా 1,500 సరుకుకు 1,000 కట్టినట్టు, అంటే 33 శాతం. ఆ వోచర్ 2,000 పైబడిన బిల్లుకే చెల్లుతుందంటే 3,000 సరుకుకు 2,500 కడతారు, 16.7 శాతానికి దిగిపోయింది. గడువు దాటిందా, సున్నా. క్యాష్‌బ్యాక్ వాలెట్‌లో పడితే అదీ వోచరే, బ్యాంకు ఖాతాలో పడితేనే డబ్బు.

పెద్ద ప్యాకెట్ చవకన్న నమ్మకం

850 గ్రాములు 170కి, 1.2 కిలోలు 252కి ఉన్నాయనుకోండి. 100 గ్రాములకు మొదటిది 20, రెండోది 21. పెద్దదే ఖరీదు. అరల మీద యూనిట్ ధర చీటీ ఉంటే చదవండి, కానీ ఒక చీటీ కిలోకు, పక్కది 100 గ్రాములకు ఉంటే పోలిక తప్పుతుంది. సేల్ రోజుల్లో ఆ చీటీ పాత ధర మీదే ఉండిపోవడమూ మామూలే.

ధర కదలకుండా బరువు తగ్గించడం ఇంకో దారి. కిలో ప్యాకెట్ 900 గ్రాములై అదే ధరకు అమ్మితే అది 11 శాతం పెంపు. పుస్తకంలో నికర బరువు రాయమన్నది ఇందుకే.

కొన్నిటికి బరువు కూడా సరైన కొలత కాదు. బట్టలు ఉతికే ద్రవం లీటరు సీసా, ఉతుకుకు 40 మిల్లీలీటర్లు చొప్పున 25 ఉతుకులు ఇస్తుంది. పక్కనే లీటరున్నర సీసా, ఉతుకుకు 75 మిల్లీలీటర్లు, 20 ఉతుకులే. సీసా వెనక రాసిన మోతాదు చూడకపోతే ఇది తేలదు. డబ్బాలో నీళ్లతో వచ్చేవాటికి నీళ్లు వంపేశాక మిగిలే బరువు, టిష్యూ రోల్‌కు కాగితాల సంఖ్య, ప్రింటర్‌కు కార్ట్రిడ్జ్ ధరను అది ఇచ్చే పేజీలతో భాగిస్తే వచ్చే ఖర్చు. చవక ప్రింటర్ మీద డబ్బు సంపాదించేది కార్ట్రిడ్జ్‌ల దగ్గరే.

ఎన్ని కొని పెట్టుకోవాలి

ధర అడుగుకు దిగినప్పుడు కొని పెట్టుకోవడం అసలైన ఆదా, అయితే లెక్కతో. ఆ సరుకు 8 వారాలకోసారి ఆఫర్లోకి వస్తుంటే, ఒక ప్యాకెట్ మీకు 3 వారాలు వస్తుంటే, 8 ÷ 3 = 2.67. మూడు ప్యాకెట్లు చాలు. పది కొంటే మీ ఇల్లు ఆ కంపెనీ గోడౌన్ అవుతుంది.

పాడైపోయే సరుకుకు ఇంకో హద్దు ఉంది: పారేసే శాతం తగ్గింపు శాతాన్ని మించకూడదు. 30 శాతం తగ్గింపుతో కొని అందులో 30 శాతం పారేస్తే వాడిన సరుకుకు పూర్తి ధరే కట్టారు. ఒకటికొకటి ఉచితంలో రెండోది కుళ్లిపోతే లాభం సున్నా. భారీ తగ్గింపు కనిపించిన ప్రతిసారీ ప్యాకెట్ తిప్పి గడువు తేదీ చూడండి, తగ్గింపుకు కారణం చాలాసార్లు అక్కడే అచ్చువేసి ఉంటుంది. పాత సరుకును ముందు వరుసలో పెడతారు కాబట్టి చేయి వెనక్కి పెట్టి తీసుకోండి.

వాయిదాలు, సభ్యత్వాలు

‘వడ్డీ లేదు’ అన్న వాయిదాలకు ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇప్పుడే మొత్తం కడితే ఎంతకిస్తారు? 12 నెలలు నెలకు 1,000 చొప్పున కట్టాల్సిన వస్తువు ఒకేసారి కడితే 11,000కే వస్తుందంటే ఆ 1,000 వడ్డీయే. అప్పు నెలనెలా తరుగుతూ పోతుంది కాబట్టి ఏడాదికి అది 9 శాతం కాదు, సుమారు 16 శాతం. ప్రాసెసింగ్ రుసుము ఉంటే ఇంకా ఎక్కువ.

సభ్యత్వ రుసుమును తగ్గింపు శాతంతో భాగించండి. రుసుము 1,000, తగ్గింపు 5 శాతం అయితే 20,000 కొన్నాకే పెట్టింది తిరిగొస్తుంది. కిందటి ఏడాది అక్కడ అంత కొన్నారా అని పాత బిల్లులు చెబుతాయి.

శ్రమ ఎక్కడ పెట్టాలో కూడా తేల్చుకోవాలి. 1981లో ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రశ్న వేశారు. 15 డాలర్ల కాలిక్యులేటర్ మీద 5 డాలర్లు తగ్గుతాయంటే 20 నిమిషాలు బండి నడిపి వేరే దుకాణానికి వెళ్తామన్నవారు 68 శాతం. ధర 125 డాలర్లయినప్పుడు అదే 5 డాలర్ల కోసం వెళ్తామన్నవారు 29 శాతమే. రెండు చోట్లా మిగిలేది ఒకటే, కానీ పెద్ద ధర పక్కన అది చిన్నదైపోయింది. చిల్లర వస్తువు మీద అరగంట వెతికేవాళ్లే పెద్ద వస్తువు కొనేటప్పుడు రెండో దుకాణం ధర అడగరు. పెద్ద బిల్లు మీద 2 శాతం కోసం తిరగడంలో చిన్నతనమేమీ లేదు.

బిల్లు దగ్గర

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. అర మీద చీటీలో ఆఫర్ ఉంటుంది, కంప్యూటర్లో పడదు, లేదా ఆ చీటీ వేరే సైజుకు సంబంధించినది అయి ఉంటుంది, లేదా నిన్నటితో గడువు ముగిసి ఉంటుంది. ఆఫర్ చీటీని సైజు, తేదీ కనిపించేలా ఫోటో తీసుకోండి. ఆఫర్ సరుకులు ముందుగా కౌంటర్ మీద పెట్టి తెర మీద ధర చూస్తుండండి. డబ్బు కట్టక ముందైతే సరిచేయడం ఒక్క నిమిషం పని, కట్టాక కస్టమర్ డెస్క్ దగ్గర క్యూ.

క్లియరెన్స్, ప్రదర్శనకు పెట్టిన సరుకు, పెట్టె విప్పినవి కొంటుంటే మూడు విషయాలు బిల్లు మీద రాయించుకోండి: తిరిగి తీసుకుంటారా లేదా, వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుంది, పెట్టెలో ఉండాల్సిన భాగాల్లో ఏవి లేవు. చార్జరో రిమోటో విడిగా కొనాల్సి వస్తే దాని ధర కూడా కలిపాకే కొత్తదాని ధరతో పోల్చండి.