పాత ఫ్యూజు బోర్డుకి గీజర్ లైను
బెంగళూరు మల్లేశ్వరంలో కొన్ని పాత ఇళ్లలో ఇంకా పింగాణీ ఫ్యూజులే. గీజర్ వేస్తే చాలు, ఎగిరిపోతాయి. ఫ్యూజులో లావు తీగ చుట్టేస్తారు కొందరు; ఆ పని మాత్రం వద్దు, గోడలో వైరు కాలుతుంది.

దీనికోసం బోర్డంతా మార్చక్కర్లేదు. బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) బిల్లులో శాంక్షన్డ్ లోడు, అంటే మీ ఇంటికి మంజూరైన కరెంటు వాడకం పరిమితి, సరిపోతుందో చూసుకుని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ స్విచ్ తర్వాత పక్కనే చిన్న ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) డబ్బా పెట్టించండి. 2000 వాట్ల గీజర్ లాగేది 9 ఆంపియర్ల లోపే. 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్), విడిగా ఎర్త్ వైరు. అంతే. మెయిన్ ఆపినా మీటరు వైపు తీగల్లో కరెంటు ఉంటుంది, మీరు చేయి పెట్టకండి.

ఇంటికి ఎర్తింగే లేకపోయినా, మెయిన్ వైరు తొడుగు పెళుసుబారినా ఇది పనికిరాదు. ముందు అవి బాగుచేయించాలి.