అనిమొనీ ముడుచుకుపోయిందా? ముందు నోరు చూడండి

ఉప్పునీటి అక్వేరియంలో బబుల్ టిప్ అనిమొనీ (రాయికి అంటుకుని, పువ్వులా కనిపించే సముద్ర జీవి) పెంచేవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే: రాత్రి నిండుగా ఉన్నది పొద్దునకల్లా వాడిన వంకాయలా కనిపిస్తుంది.

ముడుచుకుపోతే
నోరు మూసుకుని, పాదం రాయిని గట్టిగా పట్టుకుని ఉంటే కంగారు వద్దు. దానికి వేరే దారి లేదు కాబట్టి వ్యర్థాన్ని, లోపలి నీటిని నోటినుంచే బయటికి తోస్తుంది. మళ్లీ అదే ఉబ్బుతుంది. ఈలోపు నీళ్లన్నీ మార్చేసి ఏదో ఒక మందు పోసేస్తే లేని రోగం తెచ్చినట్టే.

రోజుల తరబడి అలాగే ఉండి, నోరు కూడా తెరుచుకుంటే తప్పు నీటిలో ఉంది. నీటిలో ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 దగ్గర, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, వేడి 25-27 డిగ్రీలు ఉండాలి. మన ఎండాకాలంలో ట్యాంకు నీరు సులువుగా 30 దాటుతుంది. నీటిపైకి ఫ్యాన్ తిప్పితే కాస్త చల్లబడుతుంది. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లలో మాత్రం దాంతో పెద్దగా పనవ్వదు, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కావాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకే తగ్గినంత మేర ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. బోరు నీళ్లు వద్దు.

తెల్లబడితే
దాని ఒంట్లో ఉండి వెలుతురుతో ఆహారం తయారుచేసే సూక్ష్మ శైవలాలు (కంటికి కనబడని నాచు) పోయాయన్నమాట. వేడి, చాలని లైటు, లేదా ఒక్కసారిగా పెంచిన కొత్త ఎల్ఈడీ కారణం కావచ్చు. వేడి సరిచేసి, లైటును కొన్ని వారాల్లో మెల్లగా పెంచండి. వారానికి రెండుసార్లు చిన్న రొయ్య ముక్క చాలు. పెద్దది పెడితే కక్కేస్తుంది. షాపులో కళ్లు చెదిరే పసుపు రంగులో ఉన్నది కొనకండి, రంగు వేసినది కావచ్చు.

ఊరికే తిరుగుతుంటే
ఉన్నచోట వెలుతురో నీటి ఒరవడో నచ్చలేదు. నచ్చిన చోటు అదే వెతుక్కుంటుంది. మీరు చేయాల్సింది వేవ్‌మేకర్‌కు (నీటిని కదిలించే పంపుకు) జాలీ బిగించడం. లేకపోతే అందులో పడి ముక్కలై ట్యాంకంతా పాడుచేస్తుంది. పట్టి లాగితే పాదం చిరుగుతుంది; తప్పకపోతే రాయితో సహా జరపండి.

నోరు వెలికి వచ్చి, ఒళ్లు కరుగుతూ, కుళ్లు వాసన వస్తే
ఇక ఆశ పెట్టుకోవద్దు. వెంటనే తీసేసి, నీరు బాగా మార్చి, ఫిల్టర్‌లో కార్బన్ వేయండి. ఆలస్యం చేస్తే చేపలూ పోతాయి.

అనిమొనీతో కలిసి ఉండే క్లౌన్ చేపకు తెల్లమచ్చలు వచ్చాయని రాగి మందు వేసిన ట్యాంకులో అనిమొనీ బతకదు. చేపనే వేరే తొట్టిలోకి మార్చి వైద్యం చేయండి.