ఇంట్లోనే బొంత కుట్టు – 6వ పాఠం: పొద్దున ఎంబ్రాయిడరీ, మధ్యాహ్నం మిషన్ కుట్టు

ఐదో పాఠంలో పాత నూలు చీర అంచులు తీసేసి ముక్కలు కోసుకున్నాం. మొదలుపెట్టే ముందు వాటిని ఒకసారి టేపుతో సరిచూసుకోండి. పై బట్ట 34×42 అంగుళాలు ఒకటి, నడిమి పొరలు 36×44 రెండు, అడుగు బట్ట 38×46 ఒకటి, అంచు చుట్టూ వేసే రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు ఐదు. ఐదున్నర మీటర్ల చీర అంటే 216 అంగుళాలు. ముక్కలకు 176, పట్టీలకు పన్నెండున్నర పోను 27 అంగుళాల పైనే మిగులుతుంది. ఆ మిగులు మిషన్ పక్కనే ఉంచుకోండి, మధ్యాహ్నం కుట్టు సరిచూసుకునేది దాని మీదే. కుట్టి, కత్తిరించాక బొంత 32×40కి వస్తుంది. చంటిబిడ్డకు చాలు.

పని వరుస మారకూడదు. ముందు పై బట్ట మీద ఎంబ్రాయిడరీ, తర్వాత పొరలు పరచి పిన్నీసులు పెట్టడం, ఆఖరున కుట్టు. బొంత అయ్యాక మూలన ఒక పువ్వు వేద్దాంలే అనుకుంటే నాలుగు పొరలు ఎంబ్రాయిడరీ రింగులో బిగియవు. అడుగున దారాల గజిబిజి బిడ్డ ఒంటికి గీసుకుంటుంది. ఆ చోట బొంత అట్టలా బిగుసుకుపోతుంది కూడా. అద్దాలు, పూసలు, చెమ్కీలు ఈ బొంతకు వద్దే వద్దు, చంటిబిడ్డ నోట్లోకి పోతాయి.

మిషన్ సిద్ధం చేయడం

కొత్త 14 నంబరు సూది వేయండి. సూదికి ఒక పక్క నిలువునా పొడుగు గాడి ఉంటుంది. దారం ఏ వైపు నుంచి దూర్చుతామో ఆ గాడి అటు తిరిగి ఉండాలి. తిరగేసి పెడితే కుట్టు పడదు, పడినా తప్పుతుంది. సూది మొద్దుబారితే బట్టలో దిగేటప్పుడు టప్పుటప్పుమని చప్పుడు వస్తుంది. ఎనిమిది గంటల కుట్టు దాటిన సూదిని ఈ పనికి వాడకండి.

బాబిన్ అంటే అడుగు దారం చుట్టుకునే చిన్న చక్రం, అది కూర్చునే డబ్బీ బాబిన్ కేసు. ఆ కేసు విడిగా వచ్చే మిషన్ అయితే దారం కొస పట్టుకుని కేసును గాలిలో వేలాడదీయండి. దానంతటది కదలకూడదు. చేతిని చిన్నగా ఒక్క కుదుపు కుదిపితే ఒకటి రెండు అంగుళాలు జారి ఆగాలి. సర్రున నేలకు దిగితే వదులు, కుదిపినా జారకపోతే బిగువు. కేసు మీది చిన్న మరను గడియారం పెద్ద ముల్లు ఐదు నిమిషాల్లో కదిలేంత మాత్రమే తిప్పి మళ్ళీ చూడండి. బాబిన్ పైనుంచి పడేసే మిషన్లలో ఈ మర జోలికి పోకండి, పై టెన్షన్‌తోనే, అంటే పై దారం బిగువుతోనే సరిచేసుకోవచ్చు. బొంత కుట్టుకు నూలు దారం మూడు బాబిన్లు ఇప్పుడే చుట్టేసుకోండి. గీత మధ్యలో బాబిన్ అయిపోతే అతుకు కనబడి తీరుతుంది.

ఎంబ్రాయిడరీ: ఒక్క మామిడి పిందె

పాత చీర మెత్తగా సాగుతుంది కాబట్టి పై బట్టకు మాత్రం పలచగా గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేయండి. నడిమి పొరలకు గంజి వద్దు. ఒక మూలన నాలుగు అంగుళాల మామిడి పిందె గీయండి. దాని నడిబొడ్డు రెండు అంచుల నుంచీ ఆరేసి అంగుళాల లోపల ఉండాలి. అలా ఉంటే ఏడు అంగుళాల రింగుకు చుట్టూ పట్టు దొరుకుతుంది. గీతకు పెన్సిల్ గానీ టైలర్ చాక్ గానీ వాడండి, బాల్‌పెన్ మరక ఉతికినా పోదు.

చేతి కుట్టుకు రింగు బిగించినట్టు ఇక్కడ బిగించకూడదు, తలకిందులు చేయాలి. పెద్ద రింగును కింద పెట్టి, దాని మీద బట్టను డిజైన్ పైకి కనబడేలా పరచి, చిన్న రింగును లోపలికి నొక్కండి. అప్పుడే బట్ట మిషన్ పలకకు ఆనుతుంది. వేలితో తడితే తప్పెటలా మోగాలి. రింగు అడుగున తెల్ల కాగితం ఒకటి పెట్టండి, పని అయ్యాక చించేయవచ్చు. వార్తాపత్రిక పెడితే సిరా అంటుతుంది.

మిషన్ పళ్ళు, అంటే ఫుట్ కింద బట్టను నడిపించేవి, దించేయండి. దిగని మిషన్ అయితే పళ్ళ మీద కప్పు పలక బిగించండి. చేత్తో బట్టను ఎటైనా కదిలిస్తూ కుట్టడానికి వాడే డార్నింగ్ ఫుట్ ఉంటే వేసుకోండి, వేళ్ళకు అదే రక్ష. ఫుట్ తీసేసి కుట్టే అలవాటున్నా ఫుట్ ఎత్తే మీట మాత్రం కిందికే ఉండాలి. అది పైకి ఉంటే టెన్షన్ బిళ్ళలు తెరుచుకుని పై దారం వదులైపోతుంది, పలక కింద పిచ్చుక గూడు కట్టేస్తుంది. కొత్తవాళ్ళు మిషన్ పాడైందనుకునేది చాలాసార్లు ఇక్కడే.

పైన 40 నంబరు రేయాన్ దారం, బాబిన్‌లో దానికన్నా సన్నది. టెన్షన్ అంకెలున్న మిషన్‌లో 4 మీద ఉంటే 2కో 3కో దించండి. బాబిన్ దారాన్ని పైకి లాగి, ఉన్నచోటే మూడు నాలుగు కుట్లు వేసి కొసలు కత్తిరించండి. మిషన్ ఒకే వేగంతో పోవాలి, చేతులు నెమ్మదిగా నడవాలి. చేతులు విసురుగా లాగితే సూది వంగి పలకకు తగిలి విరుగుతుంది. పిందె అంచు రెండుసార్లు తిప్పి, లోపల విడివిడి గీతలతో వదిలేయండి. నిండుగా నింపితే కొత్త బట్ట మీద బాగుంటుంది గానీ, పాత చీర చుట్టూ ముడుచుకుపోతుంది. అయ్యాక కాగితం చించి, బట్టను తువ్వాలు మీద బోర్లించి వెనక నుంచి ఇస్త్రీ చేయండి. ఇస్త్రీతో లొంగని ముడత బొంతలో కూడా ఉండిపోతుంది.

పరవడం, పిన్నీసులు

ముడతల తప్పు మిషన్ మీద వేస్తాం గానీ, ముప్పావు వంతు నేల మీదే జరుగుతుంది. పై బట్ట మీద నిలువునా రెండేసి అంగుళాల దూరంలో గీతలు ముందే గీసుకోండి. అడుగు బట్టను గచ్చు మీద తప్పుడు వైపు పైకి పరచి, అంచులకు కాగితపు టేపు అతికించండి. బట్ట బిగువుగా ఉండాలి గానీ సాగకూడదు. సాగదీసి అతికిస్తే టేపు తీయగానే వెనక్కి ముడుచుకుంటుంది. నడిమి పొరలు ఒక్కొక్కటిగా పరుస్తూ అరచేత్తో నడుమ నుంచి అంచులకు నిమరండి. ఆఖరున పై బట్ట. పిన్నీసులు నడుమ నుంచి మొదలుపెట్టి బెత్తెడు దూరంలో, గీతల మీద కాకుండా గీతల మధ్య పెట్టండి. ఎనభై దాకా పడతాయి. లెక్క పెట్టి కాగితం మీద రాసుకోండి.

కుట్టు

పళ్ళు మళ్ళీ పైకి. పళ్ళు అడుగు బట్టను ముందుకు లాగుతాయి, మామూలు ఫుట్ పై బట్టను వెనక్కి పట్టి ఉంచుతుంది. గీత చివరికొచ్చేసరికి పై బట్ట కుచ్చుగా పోగయ్యేది అందుకే. వాకింగ్ ఫుట్‌కు తనవే పళ్ళు ఉంటాయి, పై బట్టనూ సమంగా నడిపిస్తుంది. దాని పక్కనున్న చీలిక కడ్డీ సూది బిగించే మర మీదికి రావాలి, లేకపోతే పనిచేయదు. ఆ ఫుట్ లేకపోతే నల్ల మిషన్ల తల మీదున్న మర వదులు చేసి ఫుట్ నొక్కుడు తగ్గించండి, పిన్నీసులు ఇంకా దగ్గర పెట్టండి.

మిగులు బట్టతో నాలుగు పొరల తునక చేసి 3 మిల్లీమీటర్ల కుట్టుతో, అంటే అంగుళానికి ఎనిమిది చొప్పున, ఒక జానెడు కుట్టి వెలుతురులో చూడండి. రెండు వైపులా వేరువేరు రంగుల దారం వేస్తే తేలిగ్గా తెలుస్తుంది. పైన ప్రతి రంధ్రంలో అడుగు దారం చుక్కలా కనిపిస్తే పై టెన్షన్ ఎక్కువ. అడుగున దారం తీగలా చాపుగా పడి, దాని మీద పై దారం ఉచ్చుల్లా కనిపిస్తే తక్కువ. అర అంకె చొప్పున మారుస్తూ రెండు వైపులా ఒకేలా వచ్చేదాకా తునక మీదే తేల్చుకోండి. కుట్టు తప్పుతుంటే 16 నంబరు సూదికి మారండి.

మొదటి గీత నట్టనడుమ. అక్కడి నుంచి కుడి సగం అంతా ఒకే దిశలో పైనుంచి కిందికి. తర్వాత బొంతను గుండ్రంగా తిప్పి రెండో సగం. మిషన్ మెడ కిందికి వెళ్ళే భాగాన్ని చాపలా చుట్టి పెట్టండి, మిగతా బరువు బల్ల మీద ఆనాలి. బొంత బల్ల అంచున వేలాడితే గీత వంకర పోతుంది. పిందె దగ్గరికి వచ్చినప్పుడు పావు అంగుళం ముందే ఆగి, నాలుగు అంగుళాల దారం వదిలి, అవతలి వైపు నుంచి మొదలుపెట్టండి. ఆ కొసలను చేతిసూదితో అడుగుకు లాగి ముడివేసి పొరల్లోకి దూర్చాలి. ఎదురొచ్చిన పిన్నీసును సూది దగ్గరికి రాకముందే తీసి డబ్బాలో వేయండి.

పదిహేడు గీతలున్నాయి. భుజాలు లాగితే ఎనిమిదో గీత తర్వాత లేవండి. అలసిన చేతులు బట్టను వెనక నుంచి లాగుతాయి, కుట్లు పొడుగవుతాయి.

అయ్యాక డబ్బాలో పిన్నీసులు లెక్క పెట్టండి. రాసుకున్న అంకెకు ఒక్కటి తగ్గినా బొంతంతా అరచేత్తో తడిమి వెతకాల్సిందే. తర్వాత స్కేలు పెట్టి నాలుగు వైపులా 32×40కి కత్తిరించి, అంచుకు ఆనించి ఒక వరుస కుట్టు వేయండి. ఇప్పుడే ఉతకకండి, కోసిన అంచులు పీచు పోతాయి. పై బట్టకు పెట్టిన గంజి, అంచుకు పట్టీ వేశాక ఉతుకులో పోతుంది.

ఏడో పాఠంలో ఆ పట్టీ, నాలుగు మూలల మడత. చుట్టుకొలత 144 అంగుళాలు, మూలలకూ అతుకుకూ ఇంకో 12. ఐదు పట్టీలనూ ఐమూలగా అతికి, నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి ఉంచుకోండి.