చిన్న విమానం దించడం – 7వ పాఠం: చక్రం తగిలి మళ్లీ లేస్తే

పోయిన పాఠం ఫ్లేర్ దగ్గర, అంటే నేలకు దగ్గరయ్యాక ముక్కు కాస్త ఎత్తి దిగే వేగం తగ్గించే చోట, ఆపాం. ఆ ఫ్లేర్ చెడితే ఏమవుతుందో ఇవాళ చూద్దాం. విమానం మళ్లీ మన సెస్నా 172ఎస్‌యే.

ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) ఫైనల్లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారిలో, ఉండాల్సిన వేగం 60–70 నాట్లు. మీరు 65కి బదులు 75తో వచ్చారనుకోండి. పెరిగింది పది నాట్లే, కానీ శక్తి లెక్క వేగం వర్గంతో కాబట్టి విమానం మోసుకొచ్చేది మూడో వంతు ఎక్కువ. రెక్కలకు ఇంకా ఎగరాలనే ఉంటుంది. రన్‌వే అయిపోతోందన్న కంగారులో యోక్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే చేతి చక్రం) ముందుకు నెడతారు. ముక్కు చక్రం ముందు తగిలి, ముక్కు పైకి తన్నుకొస్తుంది. రెక్క గాలిని కోసే కోణం పెరిగి విమానం మళ్లీ లేస్తుంది. లేచింది కదా అని మీరు మళ్లీ నెడతారు. అప్పటికే అది తనంతట తాను దిగుతూ ఉంటుంది! చెయ్యి ఎప్పుడూ అర క్షణం వెనకే. చెరువు మీద పెంకు విసిరితే కప్పగంతులు పోనుపోను చిన్నవవుతాయి, ఇవి పెద్దవవుతాయి. మూడో గంతుకో నాలుగో గంతుకో ముక్కు చక్రం విరుగుతుంది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటుంది, ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్యనున్న ఫైర్‌వాల్ వంగుతుంది.

నేర్చుకునే రోజుల్లో నేనూ రెండు గంతులు వేయించాను. రెండోది అవగానే థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే పిడి) మీదున్న నా చేతిపై ఇంకో చెయ్యి పడింది. "వదులు" అన్నారు ఇన్‌స్ట్రక్టర్. అంతే.

గంతు అడుగు, రెండడుగులైతే యోక్ నెట్టకండి. ముక్కును దిగే భంగిమలోనే నిలిపి, కాస్త పవర్ కలిపి మళ్లీ దిగనివ్వండి. అంతకు మించితే, లేదా మనసు శంకిస్తే, గో అరౌండే, అంటే దిగడం మానేసి మళ్లీ పైకెళ్లడమే.

అందులోనూ ఒక గండం ఉంది. ఫుల్ థ్రాటిల్ ఇవ్వగానే, దిగడానికని పెట్టిన ట్రిమ్ (చేతికి బరువు తగ్గించే సర్దుబాటు) వల్ల ముక్కు బలంగా పైకి లేస్తుంది, పవర్ వల్ల ఎడమకు లాగుతుంది. యోక్ ముందుకు ఒత్తిపట్టి, కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే కాలి పెడల్) తొక్కాలి. (ఇందాక నెట్టొద్దని ఇప్పుడు ఒత్తమంటున్నానేంటి అనకండి. ఇందాక ఫుల్ పవర్ లేదు.) ఫ్లాప్స్ 30 డిగ్రీల నుంచి 20కి, వేగం 60 నాట్లు. మిగతావి ఎత్తు చూసుకుంటూ మెల్లగా. ఒక్కసారే ఎత్తేస్తే విమానం కుంగుతుంది.

ఇంటిపని: కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకోండి. థ్రాటిల్, యోక్, కుడికాలు, ఫ్లాప్స్. రోజుకు పదిసార్లు, పైకి అంటూ, చేతులు కాళ్లు కదిపి మరీ. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

8వ పాఠంలో పక్కగాలి.